సాజిదాగారు రాయించిన ఉత్తరం

మొన్న పంజాగుట్టలో పింఛను కాగితాలకు నకళ్లు తీయించుకోవడానికి నిలబడి ఉండగా, యంత్రంలో నుంచి వెచ్చగా వెలువడిన కాగితాల వాసన ముక్కుకు తగిలింది. కాలిన సిరా, కొత్త కాగితం కలగలిసిన ఆ వాసన నన్ను మైత్రీవనం వెనుక సందులోని ఒక మూడో అంతస్తుకు లాక్కుపోయింది. ఐటీ ఉద్యోగాల జోరు నగరాన్ని ఊపేస్తున్న ఆ ఏళ్లలో, బడిలో తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన నేను, అక్కడొక దూరవిద్యా కేంద్రంలో పాఠాలు రాసే పనికి కుదిరాను. కేంద్రాన్ని నడిపే బాధ్యత సాజిదాగారిది. ఉర్దూ మాధ్యమ పాఠశాలలో లెక్కలు చెప్పి వచ్చిన మనిషి, వయసులో నాకంటే పదిహేనేళ్లు చిన్న, హోదాలో నాకు అధికారి. ఆమెను తలచుకుంటే మొదట కృతజ్ఞత కలుగుతుంది, ఆ వెంటనే కోపం వస్తుంది. ఆ కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా నాకు లేదు.

ఉద్యోగాలు చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేయదలచినవారికి మా కేంద్రంలో ప్రతి పత్రానికీ రెండు దారులుండేవి. మొదటిది ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు: కంప్యూటరు ముందు కూర్చొని పాఠాలన్నీ పూర్తి చేస్తే క్రెడిట్లు వచ్చేవి. రెండవది నేరుగా పరీక్ష: విషయం తెలిసినవారు మూడు గంటలు రాసి నెగ్గితే అవే క్రెడిట్లు, పాఠాలతో పని లేదు. కేంద్రం యజమానికి కోర్సంటేనే ప్రీతి, రాబడి అందులోనే ఉండేది గనుక. సాజిదాగారు మాత్రం వచ్చినవారిని ముందు రెండు మాటలు అడిగేవారు: ఇప్పటికే నీకేమి తెలుసు, డిగ్రీ ఎప్పటికి కావాలి? ఆపై పాత ప్రశ్నపత్రమొకటి చేతికిచ్చి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి రాయించేవారు. రాయగలిగినవారిని పరీక్షకే పంపేవారు. ఈ పద్ధతి నాకు బొత్తిగా రుచించలేదు. గురుముఖతః నేర్వని చదువు చదువేనా అని ఆమెతో వాదానికి దిగాను.

"మీ పాఠం వినకముందు వాళ్లు బతకలేదా పండిత్‌జీ?" అని ఆమె నవ్వారు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ కోర్సులోని నలభై తెలుగు పాఠాలూ నేను రాసినవే మరి.

సాజిదాగారు సెలవులో ఉన్న ఒకనాడు సత్తెమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎర్రగడ్డలో కాపురం, ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. ఆ కార్యాలయం గుమ్మంలో నిలబడ్డ నిరక్షరాస్యులకు ఏళ్ల తరబడి అర్జీలు రాసిపెడుతున్నది ఆమే. డిగ్రీకి తెలుగు పత్రమొక్కటే మిగిలిందనీ, ఏ దారి మంచిదో చెప్పమనీ అడిగింది. నేను ఆమెను తిరిగి ఏమీ అడగలేదు. పరీక్ష గట్టెక్కడం వేరు, విద్య గడించడం వేరు అని ఒక చిన్న ఉపన్యాసమిచ్చి కోర్సులో చేర్పించాను. పెద్దమనిషి చెప్పాడు గదా అని ఆమె సంతకం చేసింది. ఆ సాయంత్రం నేనెంత తృప్తిగా ఇల్లు చేరానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

మూడు వారాల తరువాత సాజిదాగారు నన్ను కంప్యూటర్ల గదికి పిలిచారు. తెర మీద నా పాఠం ఉంది. దాని ముందు సత్తెమ్మ ఒళ్లో పళ్లెం పెట్టుకొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పాఠం వినే తీరు ఇదేనా అని నేను గద్దించబోతే సాజిదాగారు చేయెత్తి ఆపి, సంగతేమిటని ఆమెనే అడిగారు.

"చదువుడు ఎప్పుడో అయిపోయింది మేడమ్," అన్నది సత్తెమ్మ తల దించుకొని. "పేజీ పది నిమిషాలు తెరిచి ఉంటెనే లెక్కకొస్తదట. ఊకె కూసునుడెందుకని కూరగాయలు తెచ్చుకున్న. ఇంక ఏడు నిమిషాలున్నయి."

సాజిదాగారు ఆ పాఠంలో నుంచి నాలుగు ప్రశ్నలు వేశారు. నాలుగింటికీ సమాధానం చెప్పింది. నేను వివరించకుండా దాటవేసిన ఒక పద్యం తాత్పర్యం కూడా చెప్పింది. డిగ్రీ ఎప్పటికి కావాలని అప్పుడడిగారు.

"మార్చి ఆఖరుకు మేడమ్. జూనియర్ అసిస్టెంట్ల ప్రమోషన్ లిస్టు గప్పుడే పోతది. మల్ల ఎన్నేండ్లకొస్తదో తెల్వదు."

కోర్సు ముగిసేది మేలో. నేరుగా రాసే పరీక్ష జనవరిలో ఉంది గానీ, దరఖాస్తుకు మరునాడే ఆఖరు. పైగా కోర్సులో చేరినవారిని పరీక్షకు అనుమతించాలంటే, తప్పుడు సలహా వల్ల చేర్చుకున్నామని కేంద్రం విశ్వవిద్యాలయానికి రాసివ్వాలి. యజమాని ససేమిరా అన్నాడు.

"ఏంటి మాస్టారూ, మన తప్పని మనమే రాసిస్తామా? రేపు అందరూ ఇదే అడుగుతారు. ఆవిణ్ణి వచ్చేసారి చూసుకోమనండి."

ఒక మనిషి జీవితంలోని ఏళ్లను అంత తేలికగా వచ్చేసారికి తోసేశాడు. సాజిదాగారు యజమాని గదిలో నుంచి నాతో పాటు బయటికి వచ్చి నా ముందు తెల్లకాగితం పెట్టారు. నిబంధనలు అస్పష్టంగా ఉన్నందువల్లనూ, అభ్యర్థిని వాటిని సరిగా గ్రహించనందువల్లనూ అంటూ అరపేజీ నింపాను. ఆమె చదివి కాగితం వెనక్కి జరిపారు.

"నిబంధనలు గోడకు నేనే అంటించిన. ఆమె మిమ్మల్ని అడిగింది. మీరు ఆమెను అడగలే. గదే రాయండి."

ముప్పై ఏళ్ల పేరు పోతుందన్నాను.

"మీ పేరు మళ్లొస్తది పండిత్‌జీ. గా లిస్టు రాదు."

పిల్లల తప్పుల కింద ఎర్రగీతలు గీసి గీసి అలవాటుపడిన చేత్తోనే ఆ అరపేజీ కొట్టేశాను. ఆమెకేమి తెలుసునో నేను పరీక్షించలేదు, ఎప్పటికి కావాలో అడగలేదు, తప్పు నాది అని రాశాను. సాజిదాగారు దాని కింద సంతకం చేసి, ముద్ర వేసి, యజమాని అనుమతి లేకుండానే దరఖాస్తుతో పాటు తానే స్వయంగా వెళ్లి విశ్వవిద్యాలయంలో ఇచ్చి వచ్చారు.

సత్తెమ్మ నెగ్గింది. జాబితాలో పేరెక్కింది. మాట వినలేదని యజమాని సాజిదాగారిని పనిలో నుంచి తీసేశాడు. ఆపై నెల తిరగకుండానే అమీర్‌పేట కూడలిలో నిలువెత్తు బ్యానరు లేచింది: సత్తెమ్మ ఫోటో, దాని కింద, మా ఆన్‌లైన్ కోర్సుతో అటెండరు నుంచి అసిస్టెంటు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోర్సు ఆమెకు చేసినదల్లా మూడు వారాల పాటు గడియారం ముందు కూర్చోబెట్టడమే. సిబ్బంది అందరూ వినేలా ఇది పచ్చి అబద్ధమని యజమానితో అన్నాను. పబ్లిసిటీ మాస్టారూ, ఎవరు పట్టించుకుంటారని నవ్వాడు. నా పాఠాల మీద నుంచి నా పేరు తీసేయమని చెప్పి ఆ మెట్లు దిగి వచ్చేశాను.

ఆ వారమే సత్తెమ్మ మా ఇంటికి వచ్చింది. అడగకుండా ఫోటో వేశారని ఆమెకూ మంటగానే ఉంది. కోర్సు ఎట్లుందని ఆఫీసులో అందరూ అడుగుతున్నారట.

"ఏమని చెబుతున్నావమ్మా?"

"చిక్కుడుకాయలు ఒల్చుకునేటోళ్లకు మస్తుగుంటది, సదువొచ్చినోళ్లు పోయి పరీక్ష రాసుకోండ్రి అంటున్న సార్."

సాజిదాగారికి ఫోను చేసి యజమానిని నోరారా తిట్టాను. ఆమె అప్పటికి ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుంటున్నారు. అంతా విని, ఆ ఉత్తరం రాసిన రోజు మీ కోపం ఎవరి మీద ఉండె అని అడిగారు. మీ మీదేనని ఒప్పుకున్నాను. ఆమె చాలాసేపు నవ్వారు.

ఈ వయసులోనూ నాకు కోపం తగ్గలేదు. మనిషికి ఏమి కావాలో అడగకుండా చదువును అంటగట్టేవారి మీద అది రావలసిందే. పత్రికలకో అధికారులకో ఇప్పటికీ ఫిర్యాదులు రాస్తూనే ఉంటాను. అందులో నా తప్పేమైనా ఉంటే మొదటి వాక్యంలోనే రాసేస్తాను. రెండో వాక్యం నుంచి ఎవరినీ వదలను.