తెల్ల అంచు టైర్లు, మా పెదనాన్న పంతం

ముందే ఒక మాట. నేను దయ్యాలను నమ్మను. నమ్మి ఉంటే పోర్ట్ బ్లెయిర్‌లో బతకడం కుదిరేది కాదు. మా ఊళ్ళో ప్రతి మలుపుకీ ఒక దయ్యాన్ని అప్పగించేశారు జనం. జైలు గోడ దగ్గర ఒకటి, జెట్టీ మెట్ల మీద ఒకటి, పాత బంగళాల్లో గదికొకటి. అన్నిటికీ భయపడితే కిరాణా కొట్టుకి కూడా వెళ్ళలేం. చిన్నప్పుడు మా నాన్న ఇలాంటి కథలు మొదలుపెడితే నేను అన్నం కంచం పట్టుకుని అరుగు మీదకు వెళ్ళిపోయేవాణ్ణి.

అయినా ఇది రాస్తున్నాను. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. సైకిల్ టైరు గురించి ఇలా రాస్తే నలుగురూ నవ్వుతారని నా భార్య గోల. నవ్వితే నవ్వనీ. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇంకో సంగతి, ఇదంతా పట్టపగలు, పొద్దున్న తొమ్మిదిన్నరకీ పదికీ మధ్య జరిగింది. చీకటి పడ్డాక ఒక్కసారి కూడా ఏమీ జరగలేదు. మా పెదనాన్న ఎనిమిదింటికే పడుకునే మనిషి.

ఆయన పేరు ఎర్రయ్య. శ్రీకాకుళం ఒడ్డు నుంచి మా వాళ్ళలో మొదట ఓడెక్కింది ఆయనే. ఆయన రాయించిన ఉత్తరం పట్టుకుని మా నాన్న, ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు వచ్చి జంగ్లీఘాట్‌లో పాకలు వేసుకున్నారు. నాకప్పుడు ఏడేళ్ళు. పెదనాన్నకు పిల్లలు లేరు. ఆయన, పెద్దమ్మ, ఒక పడవ, కొన్నాళ్ళకు ఒక సైకిల్. అంతే ఆ సంసారం.

ఆ సైకిల్ గురించి చెప్పాలి. ఆకుపచ్చ ఫ్రేము, రాడ్ బ్రేకులు, గొలుసు మీద నిండు కవరు. దానికి దుకాణంవాడు నల్ల టైర్లు తొడిగి ఇవ్వబోతే పెదనాన్న వద్దన్నాడు. రిమ్ముకీ నేలకు తగిలే పట్టాకీ మధ్య టైరుకు ఒక అంచు ఉంటుంది కదా, అది తేనె రంగులో ఉండాలని పట్టుబట్టాడు. రంగులో నానబెట్టి ఆరేసిన వల ఎలా ఉంటుందో అలా ఉండాలట. అలాంటి టైర్లు ఓడలో వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్ళూ సైకిల్‌ని టైర్లు లేకుండా దూలానికి తాడుతో వేలాడదీసి రోజూ తుడిచేవాడు. ఇంట్లో సైకిల్ పెట్టుకుని నడిచి తిరిగిన మనిషి మా పేటలో ఆయనొక్కడే.

నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తుండగా ఆయన జ్వరం వచ్చి ఆస్పత్రిలో నాలుగు రోజులుండి పోయాడు. దినాలు అయ్యాక పెద్దమ్మ సైకిల్ తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను.

అప్పట్లో ఫెరార్గంజ్ వైపు కొత్తగా భూములిచ్చి కుటుంబాలను దింపుతున్నారు. ఆఫీసు నుంచి ఆఫీసుకి కాగితాల తిరుగుడు ఎక్కువైంది. వాటిని మోయడానికి సొంత సైకిలున్న మనిషి కావాలంటే నేను వెళ్ళాను. మా ఇంట్లో వల పట్టకుండా జీతం తెచ్చుకోబోయే మొదటివాణ్ణి నేనే. అమ్మ వీధంతా చెప్పుకుంది. అయితే పని ఇంకా ఖాయం కాలేదు, ఆరు నెలలు చూస్తామన్నారు. హెడ్ క్లర్కు బెంగాలీ ఆయన, గడియారం తప్ప దేన్నీ ప్రేమించని మనిషి. పదింటికి రావాలి, ఆరు నెలల్లో మూడోసారి ఆలస్యమైతే ఇంటికి పోవాలి అని మొదటి రోజే చెప్పేశారు.

చేరిన కొద్దిరోజులకే పెదనాన్న టైర్లు అరిగి నూలు బయటపడింది. రషీద్ భయ్యా సైకిల్ దుకాణానికి వెళ్ళాను. తేనె రంగువి లేవు. నల్లవి ఉన్నాయి, తెల్ల అంచువి ఉన్నాయి. గంటసేపు నిలబడి ఒక్కో టైరునీ చక్రానికి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి చూశాను. పెళ్ళిచూపుల్లో కూడా నేనంతసేపు చూడలేదు. నలుపు పెడితే సైకిల్ నీరసంగా, కూరగాయల మూట మోసేదానిలా ఉంది. తెలుపు పెట్టగానే, అబ్బ, ఆ ఆకుపచ్చ పక్కన ఒక్కసారిగా దొరసానిలా నిలబడింది.

రషీద్ భయ్యాకు నచ్చలేదు. "ఆకుపచ్చకి తేనె రంగే జోడీ రాజూ. సఫేద్ వేస్తే మన వానల్లో రోజూ కడగాలి" అన్నాడు. నేను వింటేనా! నేనెక్కడికి వెళ్ళినా "అదిగో ఎర్రయ్య సైకిల్" అనేవాళ్ళు గానీ, "అదిగో నూకరాజు" అన్నవాడు లేడు. తెల్ల అంచు పెడితే అది నా సైకిల్ అవుతుందని నా ఆశ.

పెద్దమ్మ చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఏటిరా నూకా, సైకిల్‌కి సున్నం కొట్టించీసావేటి? ఏడాది తిరక్కుండా రంగు మార్చీకూడదని నీకు తెలీదేటి?"

తెలుసు. మా ఇళ్ళల్లో పడవ యజమాని పోతే ఏడాది తిరిగి సంవత్సరీకం పెట్టేదాకా పడవ అంచు రంగు మార్చరు. ఆ తర్వాతే కొత్త యజమాని తన రంగు వేసుకుంటాడు. అది పడవకు కదా, సైకిల్‌కేమిటి సంబంధం అని నేను పెద్ద తెలివైనవాడిలా వాదించాను.

మర్నాడు తొమ్మిదిన్నరకు బయల్దేరాను. చేపల పడవలు ఆగే మలుపు దగ్గర, పెదనాన్న రోజూ ఆ వేళకే దిగి ఏ పడవకు ఏం పడిందో చూసుకునేచోట, ముందు టైరు ఉస్స్‌మంటూ మొత్తం దిగిపోయింది. తోసుకుంటూ వెళ్ళేసరికి పది దాటి పావుగంట. హెడ్ క్లర్కు గారు నా వైపు చూడకుండా గడియారం వైపే చూస్తూ ఒక వేలు ఎత్తారు.

సాయంత్రం రషీద్ భయ్యా ట్యూబు తీసి నీళ్ళ తొట్టిలో ముంచాడు. అంగుళం అంగుళం తిప్పాడు. ఒక్క బుడగ లేదు.

"ఛేద్ ఏదీ లేదు భాయ్. ఒక్క బుడగ వచ్చిందంటే ఈ దుకాణ్ నీకు రాసిచ్చేస్తా."

వాల్వు రబ్బరు మార్చాడు. ముందు ట్యూబు వెనక్కీ, వెనకది ముందుకీ వేశాడు. మర్నాడు పావుగంట ముందే బయల్దేరాను, అదే నన్ను కాపాడింది. ఎందుకంటే అదే మలుపులో మళ్ళీ ముందు టైరే ఉస్స్. ఆ తర్వాతి రోజూ అంతే. సాయంత్రం గాలి కొడితే తెల్లారేదాకా రాయిలా ఉండేది.

రషీద్ భయ్యాకు పౌరుషం వచ్చింది. ఆ టైరునీ ట్యూబునీ తన సైకిల్‌కు వేసుకుని, షాదీపూర్‌లో ఉన్న తన ఇంటికి వారం రోజులు తిరిగాడు. ఆ మలుపు మీదుగా కూడా పోయి వచ్చాడు. ఏమీ కాలేదు. ఈలోగా నాకు నల్ల టైరు ఇచ్చాడు. రంగు మారింది కదా, ఇక ఫరవాలేదనుకుని ధీమాగా మామూలు వేళకే బయల్దేరాను. అదే మలుపులో మళ్ళీ గాలి పోయింది. పెదనాన్న నలుపునీ ఒప్పుకోలేదు. హెడ్ క్లర్కు గారు రెండు వేళ్ళు ఎత్తారు.

ఇక ఒక్కటే మిగిలింది. ఆరు నెలల్లో రెండు కూడా కాలేదు. అమ్మేమో అప్పటికే కొడుకు ఉద్యోగస్తుడని చెప్పుకుని దూరపు చుట్టాల చేత కూడా ఉత్తరాలు రాయించుకుంటోంది. ఉద్యోగం పోతే ఆమె ముఖం ఎలా చూడాలో నాకు తెలియలేదు. ఎవడో ఆకతాయి గాలి తీస్తున్నాడని తిట్టుకుంటూ ఆ మలుపులో ఒక పూటంతా కాపు కాశాను. నాలుగు పిల్లులు తప్ప ఎవరూ లేరు.

అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. దయ్యాలను నమ్మనివాణ్ణి కదా, దయ్యాన్ని మోసం చేద్దామనుకున్నాను.

టైరుకు రెండు పక్కలుంటాయి. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు సముద్రం నా ఎడమ చేతివైపు, ఊరు కుడి చేతివైపు. పెరట్లో నూలు వలలకు రంగు వేయడానికి మడ చెట్ల బెరడు ఉడకబెట్టే పెద్ద కుండ ఉంది. తెల్ల టైర్లు మళ్ళీ తొడిగించి, ఎడమ పక్క అంచుకు గుడ్డతో ఆ రంగు మూడు పూతలు పూశాను. ఎండలో ఆరితే చక్కటి తేనె రంగు. కుడి పక్క తెలుపు అలాగే ఉంచాను. సముద్రం వైపు నుంచి చూసే పెదనాన్నకు తన సైకిల్, ఈ వైపు నుంచి ఊరికి నా సైకిల్. ఇద్దరికీ న్యాయం చేశానని మురిసిపోయాను.

నాలుగు రోజులు టైరు దిగితే ఒట్టు. మలుపు రాగానే ఎడమవైపు చూసి "రామ్ రామ్ పెదనాన్నా" అనేసి హాయిగా పోయేవాణ్ణి. పేటలో కొందరు నాకు పని దొరికాక మతి చెడిందనుకున్నారు.

ఐదో రోజు మలుపు దాటి కొంచెం దూరం వెళ్ళాక అన్నం క్యారేజీ మర్చిపోయానని గుర్తొచ్చింది. సైకిల్ తిప్పాను. తిప్పితే ఏమవుతుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం ఉస్స్‌మన్న తర్వాతే అర్థమైంది. తెల్ల పక్క ఇప్పుడు సముద్రం వైపుంది!

ఇంకేముంది, సైకిల్ ఎత్తి భుజం మీద వేసుకుని ఆఫీసుకెళ్ళే ఆబర్డీన్ ఎత్తు దారి మొత్తం పరిగెత్తాను. పెడల్ నా డొక్కలో పొడుస్తోంది. "వద్దు పెదనాన్నా, ఉన్నది ఒక్క ఉద్యోగం పెదనాన్నా" అని గట్టిగా అరుస్తూ పరిగెత్తినట్టు తర్వాత చూసినవాళ్ళు చెప్పారు. పదికి ఇంకా రెండు నిమిషాలుండగా గుమ్మంలో పడ్డాను. మనిషి సైకిలెక్కాలి గానీ సైకిల్ మనిషినెక్కిందేమిటని హెడ్ క్లర్కు గారు హిందీలో అడిగారు. వేలు మాత్రం ఎత్తలేదు.

ఆ సాయంత్రం సైకిల్ తోసుకుంటూ నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆమె కుడి పక్కా ఎడమ పక్కా మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. పెదనాన్న పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"ఆయన్నే మోసం చేద్దామనుకున్నావేటిరా? నలబై ఏళ్ళు కాపరం చేసి నేనే చెయ్యలేకపోయాను."

వలల రంగు కుండ కింద మంట పెట్టి, రెండు టైర్లూ ఊడదీయించి, వలలు ముంచినట్టే తన చేత్తో ముంచి ఆరేసింది. మర్నాటి నుంచి ఆ టైర్లు ఒక్కసారి దిగలేదు. రంగు వెలిసినప్పుడల్లా మళ్ళీ ముంచేది. ఆరు నెలలు నిండాయి, ఉద్యోగం ఖాయమైంది, అమ్మ పేటంతా బెల్లం పంచింది. నేను ఆ మలుపు దగ్గర రోజూ ఒక్క నిమిషం దిగి, పడవల వైపు చూసి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. భయం మాత్రం కాదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం పెట్టాం. అందరూ వెళ్ళిపోయాక పెద్దమ్మ చెయ్యి కడుక్కుంటూ, ఇక నీకు నచ్చిన రంగు వేసుకోరా అంది. రషీద్ భయ్యా దగ్గరికి అప్పుడే ఓడలో కొత్త తెల్ల టైర్లు వచ్చాయి. వాటిని తొడుగుతూ ఆయన నాకంటే ఎక్కువ భయపడ్డాడు.

మర్నాడు గంట ముందే బయల్దేరాను. మలుపు దగ్గర దిగి, బొటనవేలితో ముందు టైరు నొక్కి చూశాను. గట్టిగా ఉంది. సైకిల్‌ని అటు తిప్పాను, ఇటు తిప్పాను. తెల్ల అంచు సముద్రం వైపుకు బాగా కనబడేలా పెట్టి స్టాండు వేసి కూర్చున్నాను. తొమ్మిదిన్నర అయింది, పావుతక్కువ పది అయింది. పడవలు వచ్చాయి, చేపలు దించారు, వెళ్ళారు. టైరు అలాగే ఉంది. "ఏం పెదనాన్నా?" అన్నాను. "తెలుపు పెదనాన్నా, చూడు" అన్నాను. ఏమీ లేదు.

ఆ రోజు నేను ఆఫీసుకు పదిన్నరకు చేరాను. సైకిల్ గోడకు ఆనించి అక్కడే చక్రం పట్టుకుని కూర్చుని ఏడ్చాను. దాని ముందు ఆస్పత్రిలో, దినాల్లో ఏడ్చింది ఏడుపే కాదు. హెడ్ క్లర్కు గారు కళ్ళజోడు సర్దుకుంటూ స్వయంగా బయటికొచ్చారు.

"ఫిర్ పంక్చర్?"

"నహీ సాబ్," అన్నాను. "పంక్చర్ నహీ హువా."

పంక్చర్ కాకపోతే ఏడుపెందుకో ఆయనకు అర్థం కాలేదు. కాసేపు నన్నూ, తెల్ల అంచు టైరునీ చూసి, గడియారం సంగతి ఎత్తకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆ ఏడాది చిల్లు లేని ట్యూబులోంచి గాలి ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఎంతోమంది మెకానిక్కులను అడిగాను, ఎవరూ చెప్పలేదు. దయ్యాలను నేను ఈనాటికీ నమ్మను. ఆ రోజు మాత్రం ఒక్కసారి, ఒక్కసారి ఉస్స్‌మంటే బాగుండునని అక్కడే చాలాసేపు కూర్చున్నాను.