ఎద్దు తోక పట్టుకున్నవాళ్లు

మా పైగదిలోకి కొత్తగా కిరాయికి దిగిన ఫ్యాక్టరీ అబ్బాయి మొన్న తాళంచెవి కోసం హాల్లోకి వచ్చి, గోడ మీది బొమ్మలో ఆఫీసరును చూసి పకపకా నవ్వాడు. "గీయన అచ్చం మా సూపర్‌వైజర్ లెక్కనే ఉన్నడాంటీ! పొద్దుమాపు ఫోన్ల షేర్లే సూస్తడు" అన్నాడు. అంటూనే తన ఫోను తీసి, ఎర్రగీతలు పచ్చగీతలు ఓసారి చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ బొమ్మలో తనను తాను ఎవరూ చూసుకోరు. మా అన్న దాన్ని అచ్చు వేసిన నాటి నుంచీ అంతే.

అన్నకు సంగారెడ్డిలో స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉండేది. చెక్క చట్రానికి బిగించిన పల్చటి గుడ్డ మీద రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే, కింద కాగితం మీద బొమ్మ పడేది. పెళ్లి పత్రికలు, పటాన్‌చెరు ఫ్యాక్టరీల అట్టపెట్టెల మీది పేర్లు, మా చర్చి క్యాలెండర్లు, అన్నీ అక్కడే. షాపు నిండా తాళ్ల మీద తడి కాగితాలు వేలాడుతుంటే, కిరోసిన్ వాసనలో వంగి వంగి నడవాల్సి వచ్చేది. ఎవరినైనా ఒక మాట అనాలనుకుంటే మా అన్న నోటితో అనడు, బొమ్మ గీస్తాడు. ప్రసంగం మధ్యలో కునుకుతీసే సంఘ పెద్దల్ని గీసి, ఓ ఏడాది క్యాలెండర్ల పని పోగొట్టుకున్నాడు కూడా. వదిన ఎంత మొత్తుకున్నా ఆ గుణం మాత్రం పోలేదు.

అప్పట్లో మా వైపంతా షేర్ల పిచ్చి పట్టుకుంది. ఇస్నాపూర్ చాయ్ హోటల్లో షిఫ్టు దిగినవాళ్లు సినిమా ముచ్చట్లు మానేసి, పేపర్లో సన్నక్షరాల పేజీ మీద పడేవాళ్లు. మా ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. మరలు బిగించే మనిషికి షేర్లతో ఏం పని? అయినా ఇంటికొస్తే అదే పాట. "చిట్కుల్ ప్లాటు అమ్మి షేర్లల్ల పెడదాం టీచరమ్మా, ఏడాదిల గసొంటియి రెండు కొనిస్త." ఆ ప్లాటు నా పేరున ఉంది. బడిలో గొంతు పోయేలా పాఠాలు చెప్పి కొనుక్కున్నది. కిరాయి ఇళ్లు మారి మారి ప్రాణం విసిగిన నాకు, సొంత గోడకు ఒక మేకు కొట్టుకోవాలన్న ఆశంతా దాని మీదే. కానీ ఆయన మొహం ముడుచుకుంటే నాకు అన్నం సహించదు. సరే కానివ్వండి అన్నాను. కొనేవాడు కూడా దొరికాడు.

సంగతి అన్న చెవిన పడింది. వారం తిరగకుండా ఈ బొమ్మ దిగింది. ఒక నిచ్చెన, దేనికీ ఆనించి లేదు, నేరుగా మబ్బుల్లోకి పోతుంది. దాని మీద ఒక ఎద్దు ఎక్కుతుంటుంది. పేపర్లలో మార్కెట్ పెరిగితే ఎద్దు బొమ్మ వేస్తారు కదా, అదన్నమాట. దాని తోక పట్టుకుని లావుపాటి సేటు, సేటు కాళ్లు పట్టుకుని ఆఫీసరు, ఆయన కాళ్లు పట్టుకుని ఖాకీ బట్టల కార్మికుడు వేలాడుతుంటారు. అట్టడుగున, ఆ కార్మికుడి చొక్కా పట్టుకుని కళ్లద్దాల ఆడమనిషి. ఆమె కొంగున ప్లాటు మూలల్లో పాతే నాలుగు హద్దురాళ్లు మూటగట్టి ఉంటాయి.

వంద కాపీలు వేసి తెలిసినవాళ్లందరికీ పంచాడు. అచ్చులో ఎర్రరంగు కాస్త పక్కకు జరిగి ఎద్దు నుదుటి మీద బొట్టులా పడింది. ఇంకేముంది, జోగిపేట సేట్లు నందీశ్వరుడని గల్లాపెట్టె పైన పెట్టి అగరుబత్తీలు వెలిగించారు! మా పాస్టరుగారేమో ఇది బైబిల్లో జనం దేవుణ్ణి వదిలి మొక్కిన బంగారు దూడ అని ఆదివారం గంటసేపు ప్రసంగం చేశారు. అన్న తల పట్టుకున్నాడు. ఇక మా ఆయన సంబరం చెప్పనక్కర్లేదు. తనే మేకు కొట్టి గోడకు తగిలించి, "సూడు సూడు, గీ ఆఫీసర్ మా స్టోర్ ఇన్‌చార్జే!" అని వచ్చినవాళ్లందరికీ చూపించారు. ఖాకీ బట్టల దాకా ఆయన చూపు దిగనేలేదు.

నా చూపు దిగింది. ఆ కళ్లద్దాలు నావి, ఆ జుట్టుముడి నాది. ఒళ్లు మండి షాపుకు పోయాను. "మీ బావను అనాల్నంటే అను. నడుమ నన్నెందుకు గుంజినవన్నా?" అని అడిగాను.

అన్న రబ్బరు పట్టీ ఆపకుండానే అన్నాడు. "బావ సూడడని నాకెరుకే. నీకోసమే గీసిన చెల్లె. రాళ్లు నీ కొంగునే ఉన్నయి గద."

అక్కడే స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని ఇంటికొచ్చాను. "ప్లాటు అమ్మేది లేదు. నేను సంతకం పెట్ట" అన్నాను.

"ఎవలు సెప్పిన్రు? మీ అన్ననా?"

"మీరు గోడకు కొట్టిన బొమ్మనే చెప్పింది."

ఆయన మాటలు మానేశారు. కూరలో ఉప్పు మరిచిపోయినా కిక్కురుమనకుండా తిన్నారు. నాకు భయమేసింది అప్పుడే. ఎన్నోసార్లు పోనీ అనేద్దామని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆ తర్వాత మార్కెట్ కూలింది. చాయ్ హోటల్లో పేపరు పట్టుకునే దిక్కు లేదు. స్టోర్ ఇన్‌చార్జి స్కూటర్ అమ్మేసి బస్సులో రావడం మొదలుపెట్టాడు. పాపం, మంచి మనిషే. అతను బస్సులో వచ్చిన మొదటి రోజు సాయంత్రం మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. చివరికి, "జెర చాయ్ పెట్టు టీచరమ్మా" అన్నారు. అల్లం దంచి వేసి పెట్టాను. ఇద్దరం గడప మీద కూర్చుని తాగాం. ఆ మరుసటి ఏడే చిట్కుల్‌లో ఈ ఇంటికి ముగ్గు పోశాం.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా ఆయన ఆ బొమ్మ కింద నిలబడి కథ చెబుతారు. "గప్పుడే నేనే సెప్పిన మా టీచరమ్మతోని, ఏదైతే గదైతది గని జాగ మాత్రం అమ్మొద్దని!" మొదట్లో నేను అడ్డుపడేదాన్ని. ఆయన నిజంగానే నమ్మి చెబుతున్నారని తెలిశాక మానేశాను. కాలం గడిచేకొద్దీ ఆ తెలివి కొంచెం కొంచెంగా ఆయనదైపోయింది. ఇల్లు మాత్రం ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.