చాచా తుడిచిన మచ్చలు

2011ల నా మొఖాన్ని నాకంటె బాగ ఎరిగినాయన చిక్కడపల్లిల ఫోటో స్టూడియో చాచా. నేనప్పుడు అశోక్‌నగర్ హాస్టల్ల ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న. ఏ నోటిఫికేషన్ పడ్డా అప్లికేషన్ పెట్టుడే, ప్రతి అప్లికేషన్‌కు కొత్త ఫోటో దిగుడే. స్టూలు మీద కూసోబెట్టి "గదువ జర కిందికి, బేటా" అనేటోడు. ఫోటో తీసినంక కంప్యూటర్ ముందట కూసోని మొటిమలు, కండ్ల కింద నలుపు అన్నీ తుడిచేసి, ఎనిమిది ఫోటోలు కత్తిరించి కవర్‌ల పెట్టి ఇచ్చేటోడు. ఆ ఫోటోలల్ల నేను పరీక్షల పరేషాన్ లేని పెండ్లిపిల్ల లెక్క ఉండేదాన్ని.

ఒకరోజు ఫోటో తుడుసుకుంట తుడుసుకుంట ఆగిండు. "బేటా, ఈ పసుపు మచ్చలు నేను తుడుసుడు ఇది మూడోసారి. మొదట ఎడమ రెప్ప మీద ఒక్కటే ఉండె, ఆవగింజంత. ఇప్పుడు రెండు రెప్పల మీద పెసరబద్దలంత అయినయ్. డాక్టర్‌కు చూపెట్టు" అన్నడు.

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. "ఫోటోలు తీసుడు నీ పని. దవాఖాన ముచ్చట నీకెందుకు చాచా?" అన్న. ఆయన మచ్చలు తుడిచి ఫోటోలు చేతుల పెట్టిండు.

హాస్టల్‌కు వచ్చి అద్దంల చూసుకుంటె నిజమే. రెప్పల మీద, ముక్కు దిక్కు మూలల, మెత్తగ, పసుపుగ. నొప్పి లేదు, దురద లేదు. రోజూ మొఖం కడుక్కుంటున్ననే గాని పట్టించుకుంటెగా! రూమ్మేట్ "ఎల్లిపాయ నూరి పెట్టు, రాలిపోతయ్" అన్నది. రాజ్యాంగం మొత్తం నోటికి చెప్పే నేను బుద్ధి లేకుండ ఆ మాట విన్న. తెల్లారెవరకు రెప్ప పుండై కన్ను మూసుకపోయింది.

ఒంటికన్నుతోటి నారాయణగూడల చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయిన. ఆమె ముందుగాల తిట్టింది. "ఒంట్లో అన్నిటికంటే పల్చటి చర్మం రెప్పదే. దాని మీద వెల్లుల్లి పెడతారా ఎవరైనా? కన్ను పోయేది!" మందు రాసినంక నెమ్మదిగ చెప్పింది. అది కొలెస్ట్రాల్ అట. రెప్ప తోలు కింద పేరుకున్నదట. మచ్చతోటి ఏ ప్రమాదమూ లేదు, రక్తం మంచిగున్నోళ్లకు గూడ వస్తయట. "కానీ నీకు ఇరవై ఆరేళ్లే. రక్తం చూడకుండా మచ్చ ముట్టుకోను" అన్నది.

పరగడుపున రక్తం ఇచ్చొచ్చిన. ఉండాల్సిన దానికి రెండింతలున్నది కొలెస్ట్రాల్. "నేను బక్కపల్చటిదాన్ని మేడం, హాస్టల్ల నీళ్లపప్పు తింటున్న. నాకెక్కడి కొవ్వు?" అని లొల్లి పెట్టుకున్న.

"తిండితోనే కాదు, పుట్టుకతో కూడా వస్తుంది. మీ నాన్నగారు ఎలా ఉన్నారు?"

"లేడు మేడం. ముప్పై తొమ్మిదేండ్లకు గుండె ఆగింది. నాకప్పుడు ఐదేండ్లు."

ఆమె రాసుడు ఆపింది. నాయన రెప్పల మీద ఇట్లాంటివి ఉండెనా అని అడిగింది. లేవన్న. నాయన పెద్ద ఫోటో చూసుకుంటనే పెరిగిన మరి. ఇంట్ల ఇంకెవరున్నరంటె అమ్మ, అన్న అని చెప్పిన. ఆమె నాకు గోళీలు రాసి, "మీ అన్నయ్యను ఒకసారి తీసుకురా. ఆయనకు మచ్చలు ఉన్నా లేకున్నా రక్తం చూడాలి" అన్నది.

మా అన్న జనగామల కరెంటు పని చేస్తుండె. ముప్పై మూడేండ్లు. మెట్లెక్కితె ఛాతీ పట్టేస్తున్నదని అంతకుముందు ఒకసారి అన్నడు, గ్యాస్ అనుకుంట సోడా తాగేటోడు. నాకది గుర్తుకొచ్చి ఫోన్ చేస్తె నవ్విండు. "నాకు మచ్చలు లేవు, నాయనకు లేకుండె. అది నీ హాస్టల్ తిండి. నాయన బీడీలు తాగి పోయిండు. సప్పుడుజేయక చదువుకో" అన్నడు. మూడుసార్లు చేసిన, మూడుసార్లు అదే పాట.

పుండు మానినంక చాచా దగ్గరికి పోయిన. చేసిన లొల్లికి సిగ్గనిపించింది గాని ఇంకెవరికి చెప్పుకోవాలె? అంత విని ఆయన ఒక్కటే అడిగిండు. "ఇంట్ల ఉన్న పెద్ద ఫోటో ఎప్పుడు చేయించిన్రు?"

"నాయన పోయినంక."

"పోయినోళ్ల ఫోటో పెద్దగ చేస్తె మచ్చలు ఎవరుంచుతరు బేటా? కంప్యూటర్ లేనప్పుడు గూడ సన్న బ్రష్షుతోటి తీసేటోళ్లం. నేనే ఎన్ని తీసిన్నో. మీ అమ్మను అడుగు, అసలు ఫోటో ఉన్నదేమో."

ఆ స్టూడియో మెట్ల మీదనే నిలబడి అమ్మకు ఫోన్ చేసిన. నాయన రెప్పల మీద మచ్చలు ఉండెనా అని అడిగిన. "ఉండె బిడ్డా. నువ్వు పుట్టినంక వచ్చినయ్. మనిషి సక్కగ కనబడాలెనని నేనే తీసెయ్యమన్న" అన్నది. అసలు ఫోటో నాయన నౌకరి కార్డు మీద ఉన్నదట, ట్రంకు పెట్టెల.

అమ్మ ఈ ముచ్చట చెప్తె, నాది తప్పని చూపెట్టెటందుకు అన్ననే ఆ పెట్టె తెరిచిండట. తెల్లారి మొదటి బస్సుకు హైదరాబాద్ వచ్చి హాస్టల్ గేటు కాడ నిలబడ్డడు. కార్డు తీసి చూపెట్టిండు. నలుపు తెలుపు ఫోటోల నాయన రెండు రెప్పల మీద తెల్లగ, నావి ఎక్కడున్నయో సరిగ్గ అక్కడనే. "పద" అన్నడు, అంతే.

అన్న రెప్పల మీద ఆవగింజంత మచ్చ గూడ లేదు. రక్తంల మాత్రం నాకంటె ఎక్కువున్నది. డాక్టరమ్మ వెంటనే గుండె డాక్టర్ దగ్గరికి తోలింది. గుండెకు రక్తం పోయే ఒక నరం దాదాపు మూసుకపోయి ఉండె. స్టెంట్ ఏసిన్రు. ఇంకొన్ని దినాలు సోడా తాగుకుంట తిరిగితె ఏమయ్యేదో ఆ డాక్టర్ చెప్పిండు. నేనిప్పటికీ ఆ మాట పూర్తిగ అనలేను.

నా మచ్చల సంగతి అంటరా, ఏడాది గోళీలు మింగినంక పెరుగుడు ఆగింది గాని పోలే. డాక్టరమ్మ సన్న పుల్లతోటి మందు అంటించి రెండు దఫాలల్ల తీసేసింది. చురుక్కుమన్నది, పొక్కు కట్టి రాలిపోయింది. మళ్ల రావచ్చు, గోళీలు ఆపొద్దు అన్నది. ఆపలే. అన్న గూడ ఆపలే. నాయన చూడని నలభై మా అన్న చూసిండు.

దవాఖాన నుంచి అన్న ఇంటికి పోయిన వారానికే చాచా కాళ్లు మొక్కబోయిన. "తోబా తోబా!" అని ఎనక్కి జరిగి, "ఇప్పుడు చెప్పు, బయట దవాఖాన బోర్డు పెట్టుకోవాల్నా?" అని ఆటపట్టించిండు. నవ్వుకుంటనే ఏడ్చిన. నౌకరి కార్డు ఆయన చేతుల పెట్టి, "పెద్దగ చెయ్యి చాచా. ఏం తుడవకు" అన్న.

ఆ ఫోటో ఊరికి తీసుకపోయి పాతది దించి గోడకు పెట్టిన. అమ్మ దగ్గరికొచ్చి, కొంగుతోటి అద్దం తుడిచి, నాయన రెప్పల మీద ఏలు పెట్టింది.

"ఇగో, ఇప్పుడొచ్చిండు మీ నాయన" అన్నది.