ముకర్రం సార్ నమ్మని గాలి

మా ముకర్రం సార్‌కు మొదటి జవాబంటే భయం. పాము కనిపిస్తే పక్కకు తప్పుకుంటారు గానీ, ఏ ప్రశ్నకైనా ఒక్కసారికే జవాబు దొరికిందంటే ఆయనకు చెమటలు పడతాయి.

కరీంనగర్ బస్టాండులో "గీ బస్సు మంథని పోతదా?" అని డ్రైవర్‌ను అడుగుతారు. పోతదంటాడు. కండక్టర్‌ను అడుగుతారు. పోతదంటాడు. ఎక్కి కూర్చున్నాక పక్కసీటు ముసలమ్మను అడుగుతారు. ఒకసారి ఆవిడకు విసుగొచ్చి, "పోతదో పోదో గని, నువ్వైతే దిగు నాయినా. నిన్ను జూస్తే నాకు గుబులైతుంది" అందట.

ఇంట్లోనూ అంతే. ఉప్పు సరిపోయిందని భార్య అజ్రా చెబితే చాలదు, పక్కింటికి గిన్నెడు కూర పంపి కనుక్కుంటారు. "నిఖాల 'కుబూల్ హై', ఒప్పుకున్న అని మూడుమాట్ల చెప్పాలె గదా, ఈయనకు గదొక్కటే మస్తు నచ్చింది" అంటుందావిడ.

అటువంటి మనిషి గోదావరిఖనిలో మా చిన్న ఆఫీసుకు పెద్ద. బొగ్గుబావుల్లో గాలి ఎటు పోతుందో, గ్యాస్ ఎక్కడ నిలుస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం మా పని. కంప్యూటర్ సొరంగాన్ని చిన్న చిన్న గడులుగా కోసి, గడి గడికీ గాలిని లెక్కిస్తుంది. గడుల సైజు మార్చినా జవాబు మారకపోతేనే దాన్ని నమ్మాలి. సార్ అప్పుడు కూడా నమ్మరు.

ఆ వేసవిలో ఒక బావిలో కొత్త సొరంగం తెరవబోతున్నారు. మా దగ్గర కొత్తగా చేరిన కావ్య లెక్క చేసింది: గ్యాస్ ఎక్కడా నిలవదు. బావి మేనేజర్ శ్రీహరి ఫోన్ మీద ఫోన్. "సార్, రేపు మనుషులను దించాలె. జల్ది రిపోర్ట్ పంపుండ్రి."

"గడులు జర చిన్నగ చేసి మళ్ళ నడుపు బేటా," అన్నారు సార్.

కావ్య నావైపు చూసి మూతి తిప్పింది. అయినా నడిపింది. సాయంత్రానికి తెరమీద, సొరంగం పైకప్పు కింద ఒక మూలన, ఎర్రటి పొర తేలింది. గ్యాస్. ఒక్క నిప్పురవ్వ చాలు.

కావ్య తెరకు దగ్గరగా జరిగింది. "పొద్దుగాల గిది లేకుండె సార్!"

"ఉండె బేటా. పెద్ద గడులల్ల కలిసిపోయి కనవడలే."

రెండు లెక్కలు, రెండు జవాబులు. ఏది నిజం? గడులను ఇంకా చిన్నవి చేసి నన్ను నడపమన్నారు సార్. లెక్క ఎక్కడ మొదలుపెట్టినా జవాబు మారకూడదని, మొదట్లో సొరంగంలో గాలే కదలనట్టు పెట్టి, తాను విడిగా నడిపారు. ఒకరి తెర ఇంకొకరు చూడొద్దన్నారు. చివరికి రెండు తెరలమీదా అదే మూల, అదే ఎరుపు.

సార్ వెంటనే శ్రీహరికి ఫోన్ చేశారు. "మొదటి లెక్క తప్పింది, ఒక్కన్ని గూడ దించకు. గాలి గొట్టం ఆ మూల దాక గుంజాలె." ఆ పొడిగింపును లెక్కలో పెట్టి అందరం విడివిడిగా నడిపాం. ఎవరి తెరమీదా ఎరుపు రాలేదు.

మొదటి షిఫ్ట్ దిగిన నాడు బావి గేటు దగ్గరే నిలబడ్డాం. సార్ తస్బీ పూసలు తిప్పుతున్నారు, కావ్య గోళ్ళు కొరుక్కుంటోంది, నేను గడియారం చూస్తున్నాను. ఎంతకీ పొద్దు గడవదు. చివరికి మసి ముఖాలతో అందరూ బయటికొచ్చారు.

"మీటర్ వెట్టి చూసినం సార్, గ్యాస్ లేదు. సల్లటి గాలికి నాకు కునుకు గూడ వచ్చింది," అన్నాడొకాయన.

శ్రీహరి దగ్గరికొచ్చాడు. "ఇంతకు ఆ మొదటి తప్పు లెక్క ఎవరిది సార్?"

కావ్య ముఖం పాలిపోయింది.

"మా ఆఫీసుది," అన్నారు సార్. "ఆ తప్పును పట్టిందెవరో అడుగు. గీ పిల్లనే."

తిరిగొస్తూ నేను అడిగేశాను. "అందరితోని విడివిడిగ ఎందుకు నడిపిస్తరు సార్? మీరొక్కరు మళ్ళ చూస్తే సరిపోదా?"

"ఒక్కల లెక్క మీద మనుషులు దిగితే భయమంత ఆ ఒక్కలకే. పాపం, అన్నం గూడ సయించదు. అందరం చేస్తే తలా జరంత వస్తది."

కావ్య అప్పుడు నవ్వింది. "మరి నా వంతు భయం ఎంత సార్?"

"నీకు తక్కువనే వెట్టిన బేటా," అన్నారు సార్. "కొత్తదానివి గదా."