గాలిపూలు

మా పింగాణీ కార్ఖానాలో పూలు గీసేవాళ్ళం చాలామందిమి ఉన్నా, 'పూలక్క' అంటే మాత్రం ఆవిడే. నేను పనిలో చేరిన నాటి నుంచీ నా పీట ఆమె పక్కనే. నాకు నోటి దురుసు ఎక్కువ, ఆవిడకు అసలు నోరే లేదు. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

పొద్దున వస్తూనే అక్క కార్ఖానా వెనక తోటలోకి వెళ్ళేది. మందారమో, గన్నేరో, శంఖుపువ్వో ఏదో ఒకటి కాడతో సహా తుంచి తెచ్చి, గాజు గ్లాసులో నిలబెట్టుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చునేది.

"రేకులదేముందే, ఎవరైనా గీస్తారు. కాడ ఎక్కడ వంగిందో చూడు. పువ్వు బరువంతా అక్కడే తెలుస్తుంది" అనేది.

మేం పళ్ళేల మీద వేసే రంగు బట్టీలో కాలితే గానీ తేలదు. బూడిదలా వేసింది ఎర్రగా వస్తుంది. కాల్చక ముందైతే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, కాల్చాక ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా పోదు.

అక్క చెయ్యి వణకడం మొదట కనిపెట్టింది నేనే. కుంచె మొన పళ్ళేనికి తగిలే ముందు గాల్లో తడబడుతోంది. అడిగితే చెయ్యి ఒళ్ళో దాచేసుకుంది. "ఎవరికీ చెప్పకే. దానికి అసలే తెలియకూడదు" అంది.

'అది' అంటే అక్క కూతురు. తల్లి దగ్గరే పని నేర్చుకుని, మాతోనే అవతలి పీట మీద కూర్చుంటుంది. అక్క వాళ్ళమ్మకూ ఈ వయసులోనే చేతులు వణకడం మొదలైందట. చివరికి గ్లాసు ఎత్తలేక, బల్ల మీదికి వంగి నీళ్ళు తాగేదట. తల్లి నుంచి బిడ్డకు రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడట డాక్టరు. ఆ 'రావచ్చు' అన్న మాట పట్టుకుని అక్క లోలోపల కుమిలిపోయేది. తన పీట పోయినా ఓర్చుకునేదేమో గానీ, కూతురి చెయ్యి తలుచుకుంటే మాత్రం ఆమెకు అన్నం సహించేది కాదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే మా ఓనరు కన్ను పడింది. బట్టీలోంచి తీసిన పళ్ళేల్లో గీతలు వణికిన అక్క మందారం చూసి ఆయన గబగబా తోటలోకి వెళ్ళాడు. ఇక అక్క పని అయిపోయిందనుకున్నాను. పళ్ళేన్ని చెట్టు పక్కన పెట్టి చూసి, పరమానందంగా తిరిగొచ్చాడు.

"ఇదమ్మా పువ్వంటే! ఇన్నాళ్ళూ మీరంతా చచ్చిన పూలు గీశారు. ఇది చూడండి, గాలికి ఎలా ఊగుతోందో!"

ఆ డిజైనుకు ఆయనే గాలిపూలని పేరు పెట్టాడు. ఇకనుంచి అందరూ అలాగే గీయాలన్నాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, మేమంతా మంచి చేతులు పెట్టుకుని వణికించడం మొదలుపెట్టాం. నేను గీసిన గన్నేరుకు చలిజ్వరం వచ్చినట్టుండేది. నవ్వుకోవాల్సిందే గానీ, పక్కన అక్క మొహం చూస్తే నవ్వు రాదు.

కూతురికి మాత్రం ఆ గీత ఇట్టే పట్టుబడింది. ఓనరు దాని భుజం తట్టి, "మీ అమ్మకన్నా నువ్వే బాగా ఊపుతున్నావు" అన్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను నా పళ్ళెం మీదికి వంగిపోయాను.

ఒకరోజు ఇంట్లో అది తల్లికి నీళ్ళిస్తుంటే గ్లాసు వణికి నీళ్ళు ఒలికాయట. "ప్రాక్టీసమ్మా!" అని నవ్విందట.

"అది నటనో నరమో నాకెలా తెలిసేదే?" అని నా దగ్గర ఏడ్చింది అక్క. "వణికినందుకే మెచ్చుకుంటున్నారు. ఇక తిన్నగా ఎప్పుడు గీస్తుంది, నేనెప్పుడు చూస్తాను?"

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక, అక్క కూతుర్నీ నన్నూ ఆపింది. తెల్లపళ్ళెం ఒకటి తిరిగే చెక్క మీద పెట్టి, "అంచు గీత గియ్యి" అంది. పనిలో చేరిన రోజున మొదట నేర్పేది అదే. ఎడమచేత్తో చెక్క తిప్పుతూ కుంచెను కదలకుండా పట్టుకోవాలి. గీత మొదలైన చోటే వచ్చి కలవాలి.

"ఇప్పుడు నాకు ఓనమాలేంటమ్మా?" అంటూనే కూర్చుంది. సగం తిరిగేసరికి గీత అలలు తేలింది. "చూశావా పిన్నీ, గాలిపూలు గీసీ గీసీ ఉన్న విద్య కూడా పోయింది!" అంది నాతో. నేనూ నవ్వాను, ఎవరో ఒకరు నవ్వాలి కదా అని.

అక్క తడిగుడ్డతో గీత తుడిచేసింది. "మళ్ళీ గియ్యి."

మళ్ళీ గీసింది. మళ్ళీ అదే చోట వణికింది. అక్క మళ్ళీ గుడ్డ అందుకుంది. ఈసారి కూతురు పళ్ళెం వంక చూడలేదు. గుడ్డ పట్టుకుని వణుకుతున్న తల్లి చేతినే చూస్తోంది.

"అమ్మా, ఇప్పుడు నువ్వు పువ్వేం గీయట్లేదుగా?"

అక్క చెయ్యి అలవాటుగా ఒళ్ళోకి జారబోయింది. అంతలోనే ఆగి, దాన్ని బల్ల మీదే ఉంచేసింది.

"మీ అమ్మమ్మకూ ఇంతే. నాకూ ఇంతే. ఆ పూలను నేను ఊపలేదే తల్లీ, అవే ఊగాయి."

అది తన కుడిచెయ్యి కేసి చూసుకుంది. తర్వాత తనే పళ్ళెం తుడిచి, కుంచె రంగులో ముంచి, చెక్క తిప్పింది. గీత సగం దాకా తిన్నగా వచ్చింది, సగం దాటింది కూడా. అంతలో దానికి ఏడుపు ఆగలేదు, కుంచె చెదిరింది. ఏడ్చేవాళ్ళ చేతిని చూసి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

అక్క ఆ రంగు గుడ్డతోనే దాని కళ్ళు తుడిచింది. చెంపలనిండా బూడిదరంగు అంటుకుంది. తుడిస్తే పోయే రంగే అయినా, తుడవడానికి మాలో ఎవరికీ చేతులు రాలేదు.