కోర్టు నడుమ జమ్మి

మా బడి గ్రౌండ్‌ను కాలనీకి పార్కుగా తెరవాలని మొదట అడిగింది నేనే. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే అంతకుముందు పొద్దున్నే నా పని ఆటలు నేర్పడం కాదు, సీసా పెంకులు ఏరడం. కూలిన ప్రహరీ దాటి ఎవరెవరో వచ్చి తాగి పోయేవాళ్లు. ఖో-ఖో ఆడే ఆడపిల్లల అరికాళ్లు తెగేవి. గోడ కట్టించి, గేటు పెట్టించి, బడి గంటకు ముందూ బడి వదిలాకా కాలనీవాళ్లను రానిద్దామన్నాను. నలుగురు తిరిగే చోట సీసాలు పగలవు కదా. కార్పొరేషన్ వాళ్లు చుట్టూ నడిచే బాట వేశారు, బెంచీలు వేశారు, గోడవార కసరత్తు మిషన్లు పెట్టారు. నడుమ జాగా పిల్లలదేనని మీటింగులో అందరూ తలలూపారు.

తలలూపడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు.

నేను వరంగల్‌లో ఈ సర్కారు బడికి పీఈటీని. నోరు పెద్దదని పేరు. విజిల్ లేకపోయినా నాకు పని నడుస్తుంది. మా పిల్లల్లో ఎక్కువమంది పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాళ్ల బిడ్డలు. ఇంటిదగ్గర గల్లీలో ఉరకనివ్వరు. "ఆడపిల్లవు, గదేం ఉరుకుడే" అంటారు. బడిలో అయితే సరేనంటారు. ఆ ఖో-ఖో కోర్టు ఒక్కటే వాళ్లు ఉరికే చోటు. అది పోతే వాళ్లకు ఆట లేదు, అంతే.

వానాకాలంలో కాలనీవాళ్లు పార్కులో మొక్కలు నాటిన రోజు నేను హసన్‌పర్తిలో ట్రైనింగ్‌కు పోయాను. మర్నాడు వచ్చి నేరుగా కోర్టు దగ్గరికి పోయాను. వానకు సున్నపు గీతలు అంతకుముందే కొట్టుకుపోయాయి. ఖో-ఖో కర్ర స్తంభాలు నానిపోతాయని నేనే పీకించి స్టోర్‌రూములో పెట్టించాను. దాంతో కోర్టు వాళ్లకు ఉత్త ఖాళీ జాగాలా కనపడ్డట్టుంది. సరిగ్గా దాని నడుమ ఒక మొక్క నిలబడి ఉంది.

వేపో కానుగో అయితే ఆ నిమిషమే తీసి గోడవార పెట్టేదాన్ని. అది జమ్మి. అప్పటికే కాండానికి పసుపు పూశారు, కుంకుమ బొట్లు పెట్టారు, మొదలు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. మా దగ్గర లెక్క ఇదే. పసుపు కుంకుమ పడనంతసేపు అది మొక్క, పడ్డాక దేవుడు. దసరాకు జమ్మి కోసం ఊరవతలి దాకా తొక్కులాటలో పోవాల్సి వస్తోందని, మన పార్కులోనే ఒకటుంటే బాగుంటుందని వాకింగ్ కమిటీ పెద్దాయన తెచ్చి నాటాడట. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. నడిమధ్యలో ఎందుకు పెట్టారని అడిగితే నన్ను వింతగా చూశాడు.

"దేవున్ని మూలకు పెడ్తరా మేడం? జనం సుట్టు తిరగద్దా?"

"మరి పిల్లలు యాడ ఆడాలె సార్?"

"గంత జాగ ఉన్నది. జర పక్కకు జరిగి ఆడుకుంటరు తియ్యి. ఫికర్ జెయ్యకు."

ఏం జాగా! బాట, బెంచీలు పోగా మిగిలిందే ఆ కోర్టుకు సరిపోయేమందం. చెట్టుకు ఇటు గీసినా అటు గీసినా సగమే పడుతుంది. మండిపోయింది నాకు. ఇంట్లో అన్నం కూడా కోపంగానే వడ్డించాను. ఒక ఆదివారం గడ్డపార పట్టుకుని పోయాను కూడా. కుంకుమ బొట్టు చూశాక చెయ్యి లేవలేదు. థూ అని నన్ను నేనే తిట్టుకుంటూ తిరిగొచ్చాను. నేనూ ఈ ఊరి మనిషినే కదా మరి.

దసరా సెలవుల తర్వాత జోనల్ సెలక్షన్లు. పిల్లలు సగం కోర్టులో ఉరుకుతున్నారు, మలుపులో చెట్టు చుట్టూ పెట్టిన కంచెకు మోచేతులు గీరుకుంటున్నారు. నాకు నిద్ర పట్టేది కాదు. హెడ్మాస్టర్‌ను అడిగాను, కమిటీని అడిగాను. అందరూ దేవుడి పేరు చెప్పి తప్పుకున్నారు.

దసరా సాయంత్రం కాలనీ అంతా కొత్త బట్టలతో పార్కుకొచ్చింది. చెట్టు చిన్నది, ఆకు తెంపొద్దని పెద్దాయన బజారు నుంచి జమ్మి కొమ్మలు తెప్పించాడు. జమ్మి ఆకును మేం బంగారం అంటాం. చిన్నవాళ్లు దాన్ని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. పెద్దలు దీవించి ఏదో ఒకటి చేతిలో పెడతారు. మా టీమ్ కెప్టెన్, తొమ్మిదో తరగతి పిల్ల, పెద్దాయన దగ్గరికి పోయింది. మాట తక్కువ, ఉరుకు ఎక్కువ ఉన్న పిల్ల.

"బంగారం తీస్కో తాతా" అని కాళ్లు మొక్కింది.

ఆయన దీవించి జేబులో చెయ్యి పెట్టాడు.

"పైసలద్దు తాతా."

"మరేం గావాలె బిడ్డా?"

"మా కోర్టు గావాలె."

"ఓయమ్మో, పండుగపూట అదేం మాట పిల్లా!" అని ఎవరో ఆడమనిషి నోరు నొక్కుకుంది. పెద్దాయన గుప్పిట్లో ఆకు అట్లాగే పట్టుకుని ఇంటికి పోయాడు. నాకు ఒకపక్క ఆ పిల్లను ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించింది, ఇంకోపక్క పండుగపూట ఇది ఏ గొడవకు పోతుందోనని భయమేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయనే ఇద్దరు కూలీలను తీసుకొచ్చాడు. చెట్టుకు దండం పెట్టి, చుట్టూ వెడల్పుగా తవ్వించి, మట్టిముద్దతో సహా తడి గోనెలో చుట్టించి గేటు పక్కన నాటించాడు. నా మొహం చూడలేదు. "బంగారం తీస్కున్న గదా, ఇంకేమంట" అన్నాడు, అంతే.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. వారం తిరగకముందే చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. వాకింగ్‌కు వచ్చే ఒకావిడ మా కెప్టెన్‌ను ఆపి, "సూడు, ఎండిపోతాంది. పాపం నీకే తల్గుతది" అందట. ఇంకేముంది! కోర్టు తిరిగొచ్చింది, సున్నంతో కొత్త గీతలు మెరుస్తున్నాయి, ఎవరి కోసం తెచ్చుకున్నామో ఆ పిల్ల మాత్రం గేటు దగ్గర చెట్టు ముందు కూర్చుంటోంది. ఆటకు పిలిస్తే వస్తుంది గానీ కన్ను అటే ఉంటుంది. ఖో-ఖోలో కన్ను పక్కకు పోతే ఔటే. తిట్టాను, బుజ్జగించాను, ఆ మాటన్నావిడ మీదికి కొట్లాటకు కూడా పోయాను. ఏదీ పనిచేయలేదు. పిల్ల అన్నం సరిగా తింటలేదని తల్లి వచ్చి చెప్పింది.

సంగతి ఎట్లా తెలిసిందో, ఒక సాయంత్రం ప్రాక్టీసు జరుగుతుంటే పెద్దాయన వచ్చాడు. వాకింగ్ వాళ్లందరూ ఆగి చూస్తుండగా ఆ పిల్ల ముందు నిలబడ్డాడు.

"నాటింది నేను. తీసింది నేను. తల్గితె నాకు తల్గుతది. నీకెందుకు తల్గుతది బిడ్డా?"

పిల్ల తల దించుకుంది. "ఎండిపోతాంది గద తాతా" అంది.

ఆయన పోయి చెట్టు పక్క బెంచీ మీద కూర్చున్నాడు.

"చెట్టు దిక్కు నేను జూస్త. నువ్వు ఆట దిక్కు జూడు."

ఇంత నోరున్నదాన్ని, విజిల్ ఊదడం మరిచి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. పిల్ల ఒకసారి ఆయనను చూసింది, నన్ను చూసింది, ఉరికిపోయి, గీతలో కూర్చున్న తోటిపిల్ల వీపు తట్టి తనే "ఖో" అని అరిచింది.

రేపే సెలక్షన్లు. చెట్టుకు ఇంకా ఒక్క చిగురూ రాలేదు. పెద్దాయన వాకింగ్ మానేసి రోజూ ఆ బెంచీ మీదే కూర్చుంటున్నాడు.