అక్క కొలతలు

కస్టమర్ల కొలతల పుస్తకం చివికిపోతోందని, యాభై ఏళ్ల దర్జీ పట్టుబట్టి సీ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంది. తొలి ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా కంపైల్ చేస్తే తెర నిండా తప్పులే.

"దీని మొహం మండ! పొల్లు పోకుండా రాశాను కదే!" అని కూతురి మీద విరుచుకుపడింది.

"కొలతలు దాచే డేటాబేస్ లైబ్రరీ వాడతానని రాశావు గానీ, కంపైల్ చేసేటప్పుడు దాని ఫైలు ఇవ్వలేదమ్మా."

"లైనింగ్ గుడ్డ ఇవ్వకుండా కోటు కుట్టమన్నానన్నమాట!" నాలుక కరుచుకుని ఆ ఫైలు పేరూ చేర్చింది. ఈసారి కిక్కురుమనకుండా కంపైల్ అయింది.

మనుషులు పోతే వాళ్ల పేజీ చింపేయడం ఆమె అలవాటు. కుట్టు నేర్పిన అక్క పేజీ మాత్రం చింపలేకపోయింది. మొదట ఆ కొలతలే ఎక్కించింది. ప్రోగ్రామ్ మూసేసి, అవి నిలిచాయో లేదోనని మళ్లీ తెరిచింది.

నడుము ముప్ఫై నాలుగు.

"అక్కా, నువ్వేం ఒళ్లు చేయలేదే!" అంది మెల్లగా.